పక్కింటి రాళ్ళ తోట

ఏ పనీ చేయొద్దని ఒకరు మనల్ని అడిగితే, అది కూడా మనకు అప్పజెప్పిన పనేనని నాకు ఆ ఫిబ్రవరిదాకా తెలియదు. పైగా పనులు చక్కబెట్టడంలో నాకు పేరుంది. ఆఫీసులో నాలుగు టీములకి ఏది ఎప్పటికి అయిపోవాలో చెప్పేది నేను. జార్జియాలో మేముండే కమ్మింగ్‌లో మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లకి ఎవరు పులిహోర తేవాలో, ఎవరు పేపర్ ప్లేట్లు తేవాలో రాసిపెట్టేదీ నేనే. అలాంటిదాన్ని ఒక ముసలావిడ చెప్పిన అయిదు లైన్ల పని చేయలేకపోయాను.

ఆవిడ పేరు లొరెయిన్. మా పక్కింటావిడ, ఎనభై ఒకటో ఏడు. మా సబ్‌డివిజన్‌లో, అంటే మా కాలనీలో, ఇళ్ళన్నీ మొన్న మొన్న కట్టినవే. లొరెయిన్ ఇల్లొక్కటే ముందునుంచీ ఉంది. చుట్టూ ఉన్న పొలం బిల్డర్‌కి అమ్మేసి, ఇల్లూ దాని పక్కనున్న ఏటవాలు నేలా మాత్రం ఉంచుకున్నారట. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు బయాలజీ చెప్పి రిటైరైంది. మొగుడు ఫ్రాంక్ పోయి పదేళ్ళు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఏటవాలు మీద రాళ్ళు కనిపించేవి. పెద్దవీ చిన్నవీ, సగం భూమిలోకి దిగి, వాటి సందుల్లో ఏవేవో మొక్కలు. దాన్ని రాక్ గార్డెన్ అంటారని తెలుసుగానీ, ఆరేళ్ళుగా రోజూ గిన్నెలు కడుగుతూ అటే చూస్తున్నా, నేను ఒక్కరోజు కూడా దాన్ని చూడలేదు. రాళ్ళ మధ్య ఏం చూస్తాం అనుకునేదాన్ని.

జనవరి నెలాఖరులో మంచువాన పడింది. జార్జియాలో అది రెండు మూడేళ్ళకోసారి పడుతుంది, పడినప్పుడల్లా ఎవరో ఒకరి కాళ్ళు విరగ్గొట్టి పోతుంది. ఈసారి లొరెయిన్ వంతు వచ్చింది. మెయిల్‌బాక్స్ దాకా నడుస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, అక్కణ్ణుంచి మళ్ళీ నడక అలవాటు చేసే రీహాబ్‌కి పంపారు. ఒక శనివారం నేను పూలూ పళ్ళూ పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను.

మనిషి సగమైపోయింది. కానీ గొంతు మాత్రం క్లాసులో చివరి బెంచీ దాకా వినపడే గొంతే. నన్ను కూర్చోబెట్టి, దిండు కింద నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. టీచరమ్మ దస్తూరీ, ముత్యాల్లా ఉంది. నీళ్ళు పోయవద్దు. రాలిన ఆకులు తీయవద్దు. చచ్చిపోయినట్టు కనిపించేవి చచ్చిపోలేదు. దేన్నీ ముట్టుకోవద్దు. రోజూ పొద్దున ఒకసారి వెళ్ళి చూసి, ఏం పైకొచ్చిందో నాకు చెప్పు, అంతే.

ఎందుకంత పట్టింపు అన్నట్టు చూశానేమో, తనే చెప్పింది. ఫీనిక్స్‌లో ఉన్న కొడుకు మార్చి మధ్యలో వస్తున్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టేసి తల్లిని తనతో తీసుకెళ్ళిపోతాడు. ఒంటరిగా ఉంచడానికి ఇంక డాక్టర్లు ఒప్పుకోరు. దానికావిడ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. విమానం ఎక్కేముందు ఒక మధ్యాహ్నం తనని ఇంటికి తీసుకెళ్ళి ఆ ఏటవాలు పక్కన కూర్చోబెట్టాలి.

"సరిగ్గా అప్పటికే బ్లడ్‌రూట్ పూస్తుంది విడ్యా. తెల్లటి పువ్వు. తన ఆకునే చుట్టుకుని పైకొస్తుంది. రెండు మూడు రోజులుంటుంది, గాలి గట్టిగా వీస్తే ఒక్కరోజే. ఈసారి చూసి వెళ్తాను. అరిజోనాలో అది బతకదు."

విద్య అన్న నా పేరు ఆవిడ నోట్లో విడ్యా అవుతుంది. ఆ మొక్క మొదటి దుంపని ఆవిడా మొగుడూ కలిసి నలభై ఏళ్ళ కింద కొండల్లో రోడ్డు వేస్తున్న చోట, బుల్డోజర్ రాకముందు, చేతుల్తో తవ్వి తెచ్చారట. ఇప్పుడవి రాళ్ళ సందుల్లో నూటికి పైగా అయ్యాయట. చూడటమేగా, చూస్తానన్నాను. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించాను. అక్కడితో నా లెక్కలో ఆ పని అయిపోయింది.

మా అత్తగారు చాముండేశ్వరి గురించి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. నంద్యాల నుంచి నవంబర్‌లో వచ్చింది. మామగారు పోయిన ఆరు నెలలకి, ఇక్కడ ఆరు నెలలుంటే కాస్త తేరుకుంటుందని మా ఆయన తేజేశ్వర్ టికెట్ కొని తెచ్చాడు. తెచ్చాంగానీ, ఆవిడ సోఫాలో ఒక చివర కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది. టీవీ పెడితే చూసేది, తీసేస్తే ఖాళీ తెరని చూసేది. అన్నం తినండి అంటే తినేది. మాట్లాడిస్తే ఊ అనేది. వంటింట్లోకి రానిస్తే కాస్త పొద్దుపోతుందేమోనని నేను చూశాను. స్టవ్ అంటే భయం, డిష్‌వాషర్ అంటే కోపం. వెనక్కి పంపేద్దామా అని మేమిద్దరం గుసగుసలాడుకునే దశకు వచ్చాం.

సంక్రాంతి అయ్యాక ఒకరోజు ఇండియన్ స్టోర్‌లో కొబ్బరి ఈనెల చీపురు కనబడితే తేజ ఊరికే తెచ్చాడు. మర్నాడు పొద్దున ఆరింటికి బయట చర్రుచర్రుమని చప్పుడు. ఏమిటా అని కిటికీ దగ్గరికి వెళ్తే, అత్తయ్య స్వెటర్ వేసుకుని, చీర పైకి దోపి, మా డ్రైవ్‌వే ఊడుస్తోంది. తర్వాత బియ్యప్పిండితో చిన్న ముగ్గు. లోపలికొచ్చి కాఫీ అడిగింది. ఆవిడ నోరు తెరిచి ఏదన్నా అడగడం అదే మొదటిసారి. తేజ ఆ రోజు లాగిన్ అవడం కూడా మర్చిపోయి తల్లి పక్కన కూర్చున్నాడు.

తర్వాత మాటల్లో తెలిసిన సంగతేమిటంటే, మామగారు పోయాక నంద్యాల ఇంట్లోకి వచ్చి చేరిన తోటికోడలు వాకిట్లో ముగ్గు వేసే పని తీసేసుకుందట. ఎవరూ ఏమీ అనలేదట. ఒకరోజు పొద్దున్నే లేచి చూసేసరికి అప్పటికే ముగ్గు పడి ఉందట, అంతే. నలభై ఎనిమిదేళ్ళు వేసిన చెయ్యి ఊరుకుండిపోయింది. ఇక్కడ అడ్డుపెట్టేవాళ్ళెవరూ లేరు. నాకది విన్నరోజు ఆవిడ మీద ప్రేమ పొంగింది, నిజం చెప్పాలంటే అంతకుముందు అంతగా లేదు.

ఫిబ్రవరి మొదటి రెండు వారాలూ మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. పొద్దున ఏడింటికి హెడ్‌సెట్ పెట్టుకుంటే రాత్రి దాకా దించేది లేదు. చీపురు చప్పుడు కాస్త దూరం నుంచి వినిపిస్తోందని గమనించాను. పట్టించుకోలేదు. అత్తయ్య వేళ్ళు ఎర్రగా ఉండటం చూశాను. కూరలో పసుపు ఎక్కువ పడిందేమో అనుకున్నాను. మంగళవారాలు చెత్తబండి వచ్చే ముందు తేజ ఆకులు నింపిన పెద్ద కాగితం సంచులు రోడ్డు పక్కకి మోస్తుంటే, అమ్మ మన యార్డంతా అద్దంలా చేసేస్తోంది అని మురిసిపోవడం విన్నాను. మొత్తం పదకొండు సంచులు. మా యార్డు ఎంత, అందులో ఆకులెన్ని అన్న చిన్న లెక్క మా ఇద్దరికీ తట్టలేదు. లొరెయిన్ మెసేజ్ పెట్టినప్పుడల్లా, అంతా బాగుంది, ఇంకా ఏం రాలేదు అని జవాబిచ్చాను. మీటింగ్ మధ్యలో, వెళ్ళి చూడకుండానే.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఆవిడ ఫోన్ చేసింది. ఎండ బాగా కాస్తోంది, ఈపాటికి మొలకలు ముక్కులు బయట పెట్టి ఉండాలి, వెళ్ళి చూడవా అంది. అదే చూస్తున్నానని ఫోన్ పట్టుకుని చెప్పులేసుకుని బయటికి నడిచాను.

ఏటవాలు నేల మీద ఒక్క ఆకు లేదు. ఎండిన పుల్ల లేదు. రాళ్ళు కడిగినట్టున్నాయి. రాళ్ళ సందుల్లో మట్టిని ఎవరో చేత్తో సర్ది చదును చేశారు, అందులో చీపురు గీతలు కూడా తెలుస్తున్నాయి. మధ్యలో ఒకచోట మొలక ఉంటుందేమోనని వంగి చూశాను. లేదు. ఇంకోచోట లేదు. ఏటవాలు కింద, లొరెయిన్ గుమ్మం ముందు, ఎనిమిది రేకుల ముగ్గు.

ఫోన్‌లో ఆవిడ అడుగుతోంది, కనబడ్డాయా అని. ఇంకా లేదు లొరెయిన్, ఈ ఏడు చలి ఎక్కువ కదా అన్నాను. అవును పాపం, తొందరపెట్టకూడదు అంది ఆవిడ.

అత్తయ్య మా గరాజ్‌లో చీపురు కట్ట బిగిస్తోంది. కూర్చుని అడిగాను, గొంతు మామూలుగా పెట్టుకుని. పక్కింటి దగ్గర మొక్కలుండాలి కదా అత్తయ్యా, ఏమయ్యాయి అని.

"మొక్కలు యాడున్నాయి, అంతా ఎండిపోయిన చెత్త. మధ్యమధ్యలో కొత్తగా కలుపు తలెత్తుతాంటే దాన్ని గూడా వేళ్ళతో పీకినాను. ఒకటి అల్లం మాదిరి గడ్డ. తుంచితే పారాణి మాదిరి ఎర్రగా కారింది. మూడు దినాలు చేతులకు వదల్లేదు."

"వాళ్ళ తోట మీకెందుకు అత్తయ్యా? ఎవరు చేయమన్నారు?"

ఆవిడ నావైపు చూసిన చూపు నేను మరవను. తెలియని పిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"మన పక్క వాకిలి ఊడ్వకుండా, ముగ్గు లేకుండా ఎప్పుడుంటాది విద్యా? ఇంట్లో మనిషి పోయినప్పుడు. ఆమె ఆసుపత్రిలో ఉంటే వాకిలి అట్లా చెత్తపట్టి ఉండొచ్చునా? పొద్దున లేసి అటు చూస్తే నాకు గుండె గుబుక్కుమనేది. అందుకే చేసినాను. ఆమె తిరిగొచ్చి ఆ వాకిట్లో నడవల్ల గదా."

ఆవిడ మళ్ళీ చీపురు బిగించుకోవడంలో పడింది. పెదాల మీద ఏదో పాట కూడా ఉంది. ఫ్రిజ్ మీద కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. దానిలో ఏముందో ఆవిడకి చెప్పాలన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. రోజూ పొద్దున ఆ తోట వైపు వెళ్తున్న మనిషి ఇంట్లో ఆవిడ ఒక్కతే అయినా.

సాయంత్రం తేజకి చెప్పాను. ముందు నమ్మలేదు, టార్చి తీసుకుని వెళ్ళి చూసొచ్చాడు. తర్వాత తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సంచులు మోసింది తనేగా. మర్నాడు యార్డు చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి ఫోన్ చేశాడు. అవన్నీ అప్పుడే మిషన్‌లో వేసి పొడి చేసేశామన్నారు. కావాలంటే వచ్చి ఉచితంగా ఒక ట్రక్కు పట్టుకెళ్ళండి, మొక్కలకి మంచిది అన్నారు. తేజ థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఇద్దరికీ చెప్పేద్దాం అన్నాను నేను. అమ్మకి చెప్పొద్దు అన్నాడు తను.

"చెబితే చీపురు కింద పెట్టేస్తుంది. మళ్ళీ ఆ సోఫాలో కూర్చుంటుంది. నవంబర్ నీకు గుర్తుందా?"

"మరి లొరెయిన్?"

"చెబితే ఆవిడ మాత్రం ఏం చేయగలదు? మంచం మీద పడుకుని ఏడవడం తప్ప."

అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికినా పట్టేదాన్నో లేదో. చెప్పకపోవడంలో నాకూ సుఖముంది. అలా ఇద్దరికీ చెప్పకూడదని నిర్ణయమైపోయింది. అత్తయ్య విషయంలో ఆ నిర్ణయం ఇప్పటికీ మా ఇంట్లో అమల్లోనే ఉంది. ఆ తర్వాత మేమిద్దరం దేనిమీద తగువు పడినా ఒకచోటికొచ్చి ఆగిపోతాం. నువ్వు చెప్పలేదు అని తను అనడు, నువ్వు చెప్పొద్దన్నావు అని నేను అనను.

చెప్పకూడదనుకున్నాక, చక్కబెట్టడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. లాప్‌టాప్ తెరిచి బ్లడ్‌రూట్ దుంపలు ఎక్కడ అమ్ముతారో వెతికాను. దొరికిన ప్రతిచోటా ఆకురాలు కాలంలోనే పంపుతామని రాసుంది. నార్త్ కరోలైనాలో ఒక నర్సరీకి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన ఓపిగ్గా మాట్లాడాడు. ఇప్పుడు పంపితే చచ్చిపోతాయమ్మా, అక్టోబర్‌లో వేసుకో, ఆ పై ఏడాది పూస్తాయి అన్నాడు. ఎంతైనా ఇస్తానన్నాను. ఎంతిచ్చినా అంతే అన్నాడు. ఆయన నవ్వలేదుగానీ నాకు నవ్వినట్టే అనిపించింది. తేజ పెద్ద స్టోర్‌కి వెళ్ళి రెండు ట్రేల పాన్సీ పూలమొక్కలు తెచ్చాడు, పసుపూ ఊదా రంగువి. బయాలజీ టీచర్‌కి పాన్సీలు చూపించి బ్లడ్‌రూట్ అని నమ్మిస్తావా అని అడిగాను. తను వాటిని మా పోర్చ్‌లో పెట్టాడు. అవి మే దాకా విరగబూశాయి.

ఇంక మిగిలింది మట్టి మీద ఆశ. చేతికి దొరకనివేవైనా లోపల ఉండి ఉంటాయి కదా. కానీ అవి పైకొచ్చిన నాడే అత్తయ్య పీకేస్తుంది. ఆవిణ్ణి ఆపాలి, కారణం చెప్పకుండా ఆపాలి. దానికి నేను మా కాలనీ రూల్స్ చూసే సంఘాన్ని, ఎచ్‌ఓఏని, వాడుకున్నాను. మార్చి నెలలో పక్కవాళ్ళ యార్డులో కలుపు తీస్తే వాళ్ళు ఫైన్ వేస్తారత్తయ్యా, కావాలంటే సిమెంటు దారి వరకూ ఊడవండి అన్నాను. ఆవిడ నమ్మింది. ఈ దేశంలో చెత్తడబ్బా రోడ్డు మీద ఒక పూట ఎక్కువుంటే ఉత్తరమొస్తుందని ఆవిడ కళ్ళారా చూసింది. కలుపు మీద కూడా రూలుంటే ఉండొచ్చు. ఏం దేశమో ఏమో అనుకుంటూ ఏటవాలు కిందే ఆగిపోయింది.

ఆరేళ్ళలో చూడనిదాన్ని ఆ మూడు వారాలూ రోజుకి నాలుగుసార్లు చూశాను. పొద్దున కాఫీ కప్పుతో, లంచ్‌కి, రెండు మీటింగుల మధ్య, చీకటి పడేముందు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క రాయి పక్కన వెతికేదాన్ని. మార్చి మూడో తేదీన ఒక పెద్ద రాయి కింద గడ్డిపరకల్లాంటి ఆకులు మూడు చోట్ల లేచాయి. రెండు రోజుల్లో వాటి మధ్యనుంచి ఊదారంగు క్రోకస్‌లు మూడు విచ్చుకున్నాయి. సంతోషంతో ఫొటో తీసి లొరెయిన్‌కి పంపాను. ఎన్ని వచ్చాయి, ఆ రాయి కింద అరవై దాకా ఉంటాయి, పక్కన హెపాటికాలు కూడా మొదలయ్యాయా అని వెంటనే జవాబు. చాలా వచ్చాయి అని రాశాను. మూడు పూలకి అంతలా పొంగిపోయినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

బ్లడ్‌రూట్ మాత్రం ఒక్కటీ లేదు. వేళ్ళతో సహా పీకానని ఆవిడ చెప్పింది నిజమే. అత్తయ్య ఏ పనీ సగంలో వదలదు.

ఏడో తేదీ దాటాక లొరెయిన్ రోజూ అడగసాగింది. నర్స్‌తో కూడా చెప్పిందట, మా పక్కింటమ్మాయి రోజూ చూసి చెబుతోందని. ఇంకా రాలేదంటే ఆవిడకి దిగులు పట్టుకుంది, తిండి సరిగా తినడం లేదని ఆ నర్సే నాతో అంది. ఆ శనివారం నేను గంటన్నర డ్రైవ్ చేసి కొండల వైపు ఒక పబ్లిక్ గార్డెన్‌కి వెళ్ళాను. అక్కడ చెట్ల కింద తెల్లగా, నేలంతా బ్లడ్‌రూట్. అప్పుడే మొదటిసారి దాన్ని చూడటం. ఒక్కో మొలకా బుజ్జి పిల్లని గుడ్డలో చుట్టినట్టు ఆకులో చుట్టుకుని ఉంది, పైనుంచి మొగ్గ మాత్రం తొంగిచూస్తోంది. పూసినవి ఎనిమిది రేకులు విప్పుకుని ఎండకి తిరిగి ఉన్నాయి. మేం చెత్తబండికి ఎక్కించినవి ఇవా అనిపించింది. అక్కడే బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత లేచి ఫొటోలు తీశాను. ఒక రాయి పక్కన గుత్తిగా ఉన్నవి చూసి, రాయి కూడా పడేట్టు తీశాను, నమ్మకం కుదరాలని. మీ తోటలో పూసిందని రాసి దాన్ని లొరెయిన్‌కి పంపాను.

జవాబు సాయంత్రానికి వచ్చింది. థ్యాంక్యూ హనీ, చాలా అందంగా ఉన్నాయి. అంతే. తర్వాత ఆవిడ ఇంక ఏమీ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను. రోజూ అరడజను ప్రశ్నలు వేసే మనిషి ఒక్కసారిగా ఎందుకు మానేసిందని నేను ఆలోచించలేదు. ఆలోచించాలనుకోలేదు.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఆవిడ కొడుకు అద్దెకారులో తీసుకొచ్చాడు. అరవై ఏళ్ళాయన. తల్లిని వీల్‌చెయిర్‌లో దించి ఏటవాలు పక్కన పెట్టి, బ్రేకు వేసి, రియల్టర్ ఫోన్ రావడంతో ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ వస్తోందని పొద్దున్నే అత్తయ్యకి చెప్పాను. వచ్చి వెళ్ళిపోతుందన్న మాట మాత్రం చెప్పలేదు. అత్తయ్య తలంటుకుని, జరీ చీర కట్టుకుని, లొరెయిన్ గుమ్మం నుంచి ఏటవాలు దాకా దారి పొడుగునా ముగ్గు వేసింది. ఆ ముగ్గు పక్కనే నిలబడి ఉంది, పెళ్ళివారి కోసం నిలబడ్డట్టు.

లొరెయిన్ కళ్ళు ఒక్కో రాయి దగ్గరికీ వెళ్ళి, ఆగి, ఇంకో రాయి దగ్గరికి వెళ్తున్నాయి. క్రోకస్‌లు అప్పటికే వాలిపోయాయి. నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

"నువ్వు పంపిన ఫొటోలో రాయి నాది కాదు" అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ఇక్కడున్న ప్రతి రాయీ నేనూ ఫ్రాంకూ కారులో మోసుకొచ్చినవే. నాకు తెలియదా? ఆ ఒక్క రకం మొక్కా పోయి ఉంటుంది, చెప్పలేక అలా చేశావనుకున్నాను. అందుకే ఇంక అడగలేదు. మిగతావి ఉంటాయి కదా అనుకుని వచ్చాను."

అప్పుడు చెప్పాను. మా అత్తగారు చెత్త అనుకుని తీసేసిందని, ఆవిడకి మీ కాగితంలో ఏముందో నేను చెప్పలేదని, రెండు వారాలు చూడకుండానే చూస్తున్నానని రాశానని. వరసగా చెప్పేశాను, తల ఎత్తకుండా. క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నగా ఉందో పైకి అన్నాకే తెలిసింది. లొరెయిన్ రెండు చేతులతో కుర్చీ పిడులు పట్టుకుంది. తిట్టినా బాగుండేది.

"ఏమంటాంది?" అంది అత్తయ్య, ఇంక ఆగలేక.

తోట గురించి అడుగుతోందత్తయ్యా అన్నాను.

అత్తయ్య ముందుకొచ్చి కుర్చీ ఎదురుగా నిలబడింది. లొరెయిన్ మొహంలోకి చూస్తూ, తెలుగులోనే, ఆవిడకి అర్థమవుతోందన్నంత నమ్మకంగా మాట్లాడింది. మధ్యలో నాకేసి తిరిగి, చెప్పు చెప్పు అంటోంది.

"నువ్వు పడిపోయినావని తెలిసిన మర్నాటి నుంచి ఒక్క దినం తప్పకుండా నీ వాకిలి ఊడ్చినాను. ముగ్గు లేని వాకిలి చూస్తే మనిషి ఇంటికి రాదేమోనని భయమేసింది. మా ఇంటాయన్ని ఆసుపత్రికి తీసుకపోయినప్పుడు నేనూ వెంటే పోయినాను. పదైదు దినాలు వాకిలి ఊడ్చేవాళ్ళు లేరు. ఆయన రాలేదు. నువ్వు వచ్చినావు. నాకంతే చాలు."

మామగారి సంగతి ఆవిడ అలా తలుచుకుంటోందని నాకు అంతవరకూ తెలియదు. తేజకి కూడా తెలియదు. నేను ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా, ఒక్క ముక్క కలపకుండా.

లొరెయిన్ అత్తయ్యని చూసింది. కాళ్ళ దగ్గరున్న ముగ్గుని చూసింది. మళ్ళీ రాళ్ళ వైపు చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. తుడుచుకోలేదు, చేతులు రెండూ కుర్చీ పిడుల మీద అలాగే ఉన్నాయి. ఆవిడ తన నలభై ఏళ్ళ తోట కోసం ఏడుస్తోందని నాకు తెలుసు.

అత్తయ్య వంగి, జరీ చీర చెంగుతో ఆ కన్నీళ్ళు తుడిచింది.

"చూసినావా విద్యా, ఎట్లా మురిసిపోయిందో పాపం. ఏడవొద్దని చెప్పు. ఇంక ఇంటికొచ్చేసినావు గదా, నీ ఇంట్లో నువ్వు హాయిగా ఉండు అని చెప్పు. వచ్చే ఏడాది మళ్ళా వస్తాను, అప్పుడు గూడా ఇట్లే నేనే శుభ్రం చేస్తానని చెప్పు."

లొరెయిన్ ఆ చెంగుని పట్టుకుని, తడిసిన మొహం నావైపు తిప్పి, ఏమంటోంది అని అడిగింది. అత్తయ్య కూడా నావైపే చూస్తోంది, చెప్పవేం అన్నట్టు నవ్వుతూ. ఇంటి వెనక కొడుకు ఫోన్‌లో ఇంటి ధర మాట్లాడుతున్నాడు. రెండు భాషలూ వచ్చినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. వాళ్ళిద్దరూ నా నోటి వైపే చూస్తూ ఉన్నారు.